నాలుగో నంబరు

అబద్ధం ఆడబోయే మనిషి ముందు మంచినీళ్లు తెచ్చిస్తాడు. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను గమనిస్తున్న సంగతి ఇది. నా పేరు జయప్రకాశ్. ఏ ఇంట్లో ఎవరు ఏ టీవీ కార్యక్రమం చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీలో ఖమ్మం, భద్రాచలం వైపు సూపర్‌వైజర్ని. ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో టీవీ పక్కన మా మీటరు పెడతాం. దానికో రిమోటు, అందులో ఇంట్లో మనిషికో నంబరు. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎవరి నంబరు వాళ్లు నొక్కాలి, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. చుట్టాలొస్తే వాళ్లకు వేరే బటన్ ఉంటుంది. ఈ నొక్కుళ్లన్నీ పోగేస్తే గురువారానికి రేటింగులు తయారవుతాయి.

మీటరు ఏ ఇంట్లో ఉందో బయటికి పొక్కకూడదు. పొక్కితే ఆ ఇంటి చుట్టూ ఛానళ్లవాళ్లు ఈగల్లా ముసురుతారు. అందుకే మా ఆవిడతో సహా బంధువులందరికీ నేను టీవీలు రిపేరు చేస్తానని చెప్పుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. నాకు నెలనెలా జీతమిచ్చేది ఆ భూతమే కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు లేదు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం కల్లూరులో మా అక్క ఇంటికి వెళ్లాను. భోజనం దగ్గర కూర్చున్నానో లేదో, ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు నాగచైతన్య ఫోన్ పట్టుకుని పక్కన చేరాడు.

"మామయ్యా, నువ్వు టీవీలు బాగుచేస్తావు కదా. రేటింగు మీటరు డబ్బా ఎప్పుడన్నా చూశావా? ఎట్లా ఉంటుంది?"

నేను కూర గిన్నె వైపు చెయ్యి చాపాను. "నేను చూడలేదురా. నీకెందుకది?" అన్నాను.

వాడు చెప్పుకొచ్చాడు. తెలుగులోకి డబ్బింగు చేసిన జపాన్ బొమ్మల సీరియళ్లు రెండు, రెండు ఛానళ్లలో, సాయంత్రం ఆరింటికే వస్తున్నాయట. బొమ్మల సీరియల్ అన్నందుకు వాడికి కోపమొచ్చింది, యానిమే అనాలట. ఒకటి 'నీలిఖడ్గం', వీడు దానికి భక్తుడు. రెండోది 'జ్వాలాపుత్రుడు', వీడికి పగవాళ్లు దానికి భక్తులు. రెండు గుంపులూ ముఖం తెలియని మనుషులతో పొద్దస్తమానం ఫోన్లలో తిట్టుకుంటారు. ఇందులో రేటింగు రానిదాన్ని మధ్యలోనే ఆపేస్తారని పుకారు. అందుకని గురువారం వస్తే ఇంటర్ రిజల్ట్స్‌కు కూడా పడనంత టెన్షన్ పడుతున్నారు.

"పట్నాల్లో మాదే ఫస్టు మామయ్యా. ఈ మధ్య పల్లెల లెక్కలో జ్వాలా ఒక్కసారే పైకి పోయింది. మావాళ్లు లెక్కలు తీశారు. తేడా అంతా భద్రాచలం అడవి వైపే ఉంది. అక్కడ కరెంటే సరిగ్గా ఉండదు. యానిమే ఎవడు చూస్తాడు? ఎవడో మీటరున్న ఇల్లు కనిపెట్టి మేనేజ్ చేస్తున్నాడు. ఆ ఇల్లు దొరికితే ఫొటోతో సహా బయట పెడతాం."

"ఎవరైనా నిజంగానే చూస్తున్నారేమో."

"అది చూసే టైపు కాదు మామయ్యా. అందులో హీరో పక్కన ఒక నక్కపిల్ల ఉంటది. దానికి ఎవరో అమ్మాయితో డబ్బింగు చెప్పించారు. అచ్చం భద్రాచలం అవతలి యాస. జపాన్ నక్క అట్లా మాట్లాడుద్దా?"

"కల్లూరు యాసలో మాట్లాడితే పర్లేదా?" అన్నాను. మా అక్క నవ్వింది. వాడు అన్నం వదిలేసి లేచిపోయాడు.

వాడి మాటలు నేను కొట్టిపారేసేవాణ్ణే. కానీ మర్నాడు హైదరాబాదు నుంచి మా పెద్దసారు ఫోన్ చేసి, అదే వైపు వేలు చూపించాడు. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఒక గూడెం. భద్రయ్య అనే ఆయన ఇల్లు. రోజూ సాయంత్రం ఆరింటికి ఇంటివాళ్ల నంబర్లు నాలుగూ వెలుగుతున్నాయి, వాటి పైన చుట్టాలు గుంపులు గుంపులు. జ్వాలాపుత్రుడు అయిపోగానే అందరూ మాయం.

"రోజూ పెళ్లి జరుగుతోందా ఆ ఇంట్లో? ఎవడో కొన్నాడు. పోయి చూడు, దొంగలెక్కైతే మీటరు పీకేసి రా. ఆ వైపు మనకున్న మీటర్లు చేతి వేళ్లకు సరిపోతాయి. ఆ ఇల్లు పోతే ఆ సీరియల్ పడిపోద్ది, ఛానలువాళ్లు ఆపేస్తారు. ఆపితే ఆపనీ, అది మనకు అక్కర్లేదు," అన్నాడు సారు.

భద్రాచలంలో బ్రిడ్జి దాటి బండి మీద వెళ్లాను. ఆ మీటరు పెట్టింది నాకంటే ముందు పనిచేసినవాడు, నేను ఆ గూడెం చూడటం అదే మొదలు. తిన్నగా ఇంటికి వెళ్లడం నా పద్ధతి కాదు. రోడ్డు పక్క టీకొట్టు దగ్గర ఆగి, టీవీ రిపేరుకొచ్చానని చెప్పి, భద్రయ్య ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాను.

"ఆలుమగలు, కొడుకు రాంబాబు. బిడ్డ దుర్గ పట్నంల ఉంటది. పోయి ఏడాది దాటింది," అన్నాడు కొట్టతను.

టీ చల్లారిపోయింది గానీ నాకు మాత్రం ఒళ్లు వెచ్చబడింది. మా రికార్డులో నాలుగో నంబరు దుర్గది. ఏడాదిగా ఊళ్లో లేని పిల్ల రోజూ ఆరింటికి టీవీ ముందు ఎలా కూర్చుంటుంది? దొంగ దొరికాడనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది.

భద్రయ్య భార్య పుల్లమ్మ ముంగిట్లో బీడీలు చుట్టే తునికాకు కట్టలు కడుతోంది. మీటరు చూడ్డానికి వచ్చానని చెప్పగానే లేచి లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. నేను మనసులో ఒక టిక్కు పెట్టుకున్నాను. లోపల గోడకు ఇంత పెద్ద టీవీ, కొత్తది. మట్టిగోడకు అంత టీవీ ఎక్కడిది? అది రెండో టిక్కు. భద్రయ్య వచ్చి భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. నాకు ముక్క అర్థం కాలేదు. ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. మూడోది.

"ఏమంటున్నాడు మీ ఆయన?" అన్నాను.

"మీరు బాగ ఎండిపోయిన్రు అంటుండు సారు. అన్నం తింటరా అని అడుగుతుండు," అంది పుల్లమ్మ.

నేను నమ్మలేదు. ఆకలేస్తున్నా తినలేదు.

ముంగిట్లో మేకపిల్ల ఒకటి తునికాకు మీదికి ఎక్కబోయింది. "ఓ పోరీ, యాడికే నీ పెత్తనం? కాళ్లు నిలవయా నీకు?" అని పుల్లమ్మ దాన్ని అదిలించింది. చివరి మాటను సాగదీసి పైకెత్తి, పాటలా వదిలేసింది. మేకపిల్ల కూడా అలవాటున్నదానిలా పక్కకు తప్పుకుంది.

ఆరు కావస్తుండగా జనం రావడం మొదలైంది. ముసలివాళ్లు, పాలిచ్చే తల్లులు, పనినుంచి తిన్నగా వచ్చిన మగవాళ్లు. ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి పీట వాళ్లు మోసుకొస్తున్నారు. ఎవరైనా కూలికి మనుషుల్ని పిలిపిస్తే కుర్చీలు కూడా వాళ్లే వేస్తారు కదా, వీళ్లెందుకు తెచ్చుకుంటున్నారు అని నాకు కొంచెం తేడా కొట్టింది. అయినా అనుమానం ఒక పట్టాన వదిలేది కాదు. రాంబాబు గుమ్మం దగ్గర రిమోటు పట్టుకుని, వచ్చినవాళ్లకల్లా చుట్టం బటన్ నొక్కుతున్నాడు.

"ఇంతమందికి ఎందుకు నొక్కుతున్నావు?"

"మీ డబ్బా పెట్టిన సారే చెప్పిండు. ఇంటికొచ్చి టీవీ చూసినోళ్లను ఒక్కల్ని గూడ ఇడవొద్దన్నడు. గిట్లనే గద సారు?" అన్నాడు రాంబాబు.

"మరి మీటరు సంగతి ఎవరికీ చెప్పకూడదని కూడా చెప్పి ఉంటాడే. ఊరందరికీ తెలిసినట్టుంది."

ఈసారి పుల్లమ్మ జవాబు చెప్పింది. "బయటోళ్లకు చెప్పొద్దన్నడు. గూడెమోళ్లు బయటోళ్లు ఎట్లయితరు సారు? బయట ఉన్నది మా దుర్గ ఒక్కతే. దానితోని మాత్రం ఫోన్ల ఈ డబ్బా ముచ్చట ఎత్తం. పట్నంల అంటే నలుగురి నోట్ల పడతది." ఆ మాట అని రాంబాబు వైపు తిరిగింది. "సారుకు గూడ నొక్కురా. ఆయన సుట్టం కాదా?"

రాంబాబు నొక్కేశాడు. లెక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన నేను ఆ లెక్కలోనే చేరిపోయాను. ఉద్యోగంలో ఇంత తలవంపు నాకు ఎప్పుడూ జరగలేదు.

సీరియల్ మొదలైంది. కత్తి పట్టుకున్న కుర్రాడు కొండ మీద నిలబడి ఏవో ప్రతిజ్ఞలు చేస్తున్నాడు. గదిలో ఎవరూ అతన్ని పట్టించుకోవడం లేదు. ఒకామె పిల్లవాడికి ముక్కు తుడుస్తోంది, ఇద్దరు ముసలాళ్లు చుట్టలు వెతుక్కుంటున్నారు. నా చూపంతా రిమోటు మీదే ఉంది. ఒకటి, రెండు, మూడు వెలిగాయి. నాలుగు వెలగలేదు. నన్ను చూసి భయపడ్డారనుకున్నాను.

అప్పుడు తెర మీద పొదల్లోంచి నక్కపిల్ల దూకింది. చుట్టలు వెతకడం ఆగిపోయింది, గదంతా తెర వైపు వంగింది. నక్కపిల్ల హీరో వైపు నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "యాడికిరా నీ పెత్తనం?" అంది. చివరి మాటను సాగదీసి, పైకెత్తి, పాటలా వదిలేసింది. పుల్లమ్మ కొడుకు చేతిలోంచి రిమోటు తీసుకుని, చీర చెంగుతో ఒకసారి తుడిచి, నాలుగో నంబరు నొక్కింది.

నేను లేచి నిలబడ్డాను. "ఆ నంబరు ఎవరిది?"

"మా దుర్గది."

"దుర్గ ఎక్కడుంది?"

"పట్నంల."

"ఇంట్లో లేని మనిషి నంబరు ఎట్లా నొక్కుతారమ్మా?"

గది అంతా నా వైపు తిరిగింది. పుల్లమ్మకు నా ప్రశ్న అర్థం కాలేదు. తెలియని పిల్లాడికి చెప్పినట్టు, టీవీ వైపు చెయ్యి చూపించింది. "ఇప్పుడే గద సారు ఇంట్లకొచ్చింది. మాట్లాడుతుంది గద. ఇనబడతలేదా మీకు?"

నాకు వినబడింది. ముంగిట్లో మేకపిల్లను అదిలించిన గొంతు ఇప్పుడు నక్కపిల్ల నోట్లోంచి వస్తోంది, కాకపోతే పాతికేళ్లు చిన్నది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? రుజువు అడిగాను. రాంబాబు ఫోన్ తీసి చూపించాడు. గాజుగదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు ముందు నిలబడి నవ్వుతున్న పిల్ల. వెనక తెర మీద అదే నక్క.

"రోజంతా దాని జాడ ఉండదు సారు. ఫోన్ జేస్తే పనిల ఉన్న అంటది," అంది పుల్లమ్మ. "ఆరు కొట్టంగనే ఇంటికొస్తది. మా దుర్గ ఏం అన్నదో ఇందామని అందరొస్తరు. ఈ టీవీ గూడ అదే పంపింది. ఇది బాగ నడిస్తె ఇంకో బొమ్మకు పిలుస్తం అన్నరంట. లేకుంటె ఇంటికే రావాలె అన్నది. ఏమైతదో."

దొంగ దొరకలేదు. అందుకు నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఇది దొంగతనం కంటే పెద్ద చిక్కు. మా కంపెనీ మొదటి నియమం ఏమిటంటే, టీవీలో పనిచేసే మనిషి ఉన్న ఇంట్లో మీటరు ఉండకూడదు. మీటరు పెట్టిన నాటికి దుర్గ ఇంట్లోనే ఉండి తునికాకు కోసుకుంటున్న పిల్ల, ఆ తర్వాతే పట్నం పోయింది. ఆ సంగతి మాకు చెప్పాలని వీళ్లకు తోచలేదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు సారుకు చెబితే, జ్వాలాపుత్రుడులో గొంతు ఇచ్చే పిల్ల సొంత ఇంట్లోనే జ్వాలాపుత్రుడు మీటరు ఉందన్నమాట అవుతుంది. ఆ మాట పొక్కడానికి ఒక పూట చాలు. నాగచైతన్య లాంటివాళ్లు ఆ పిల్ల ఫొటో పట్టుకుని ఊరేగిస్తారు. దొంగ రేటింగుల దుర్గ అంటారు. మళ్లీ ఏ స్టూడియో గడప కూడా తొక్కనివ్వరు. వీళ్లు నిజంగా మోసం చేసి ఉంటే నా పని ఎంత సులువుగా ఉండేదో అనిపించింది.

సీరియల్ అయిపోయింది. పుల్లమ్మ నాలుగో నంబరు మళ్లీ నొక్కి ఆర్పింది. జనం కుర్చీలు ఎత్తుకుని వెళ్లిపోయారు. నేను భద్రయ్యను ముంగిట్లోకి పిలిచాను. మీటరు మాకొద్దని ఇంటివాళ్లే అంటే కంపెనీ కారణం అడగదు. అదొక్కటే దారి. ఆ మాటే చెప్పాను.

వదులైన తునికాకు కట్ట ఒకటి బిగిస్తూ భద్రయ్య అడిగాడు. "మేం దొంగతనం జేసినమా?"

"లేదు."

"తప్పు నొక్కినమా?"

"దుర్గ నంబరు నొక్కకూడదు. కానీ అసలు సంగతి అది కాదు. ఈ డబ్బా మీ ఇంట్లో ఉందని తెలిస్తే, మీ అమ్మాయే మోసం చేయించిందని అంటారు. ఆ పిల్ల పని పోతుంది."

ఆయన కట్ట పక్కన పెట్టాడు. "దాని పేరు బదనాం గావద్దు. తీస్కపోండ్రి," అన్నాడు.

నేను వైర్లు ఊడదీస్తుంటే పుల్లమ్మ నా పక్కనే నిలబడింది. "డబ్బా తీస్తె టీవీ వస్తది గద సారు?"

"వస్తుంది."

"మా పిల్ల?"

"వస్తుంది," అన్నాను. ఈ ఇల్లు పోతే సీరియల్ ఆపేస్తారని సారు ఫోన్లో అన్న మాట నాకు గుర్తుంది. తెలిసి తెలిసి ఆ తల్లికి అబద్ధం చెప్పాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేక స్క్రూలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను. వచ్చేటప్పుడు ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యమని నా నంబరు రాంబాబుకు ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు.

దొంగలెక్క ఏమీ లేదని, ఇంటివాళ్లే మీటరు వద్దన్నారని సారుకు చెప్పాను. ఆయన మెల్లగా, "ఎవరిచ్చారయ్యా నీకు? ఎంతిచ్చారు?" అన్నాడు. ఇన్నేళ్లుగా నేను జనాన్ని అడిగిన గొంతు అదే. ఆ గొంతు అవతలివాళ్లకు ఎలా వినిపిస్తుందో ఆ రోజు తెలిసింది. ఏం చెప్పినా నమ్మడని తెలుసు కాబట్టి, మీటరు ఆఫీసుకు పంపుతున్నానని మాత్రం చెప్పాను.

రేటింగులు వచ్చాక నాగచైతన్య తనే ఫోన్ చేశాడు. వాడి వెనక ఎవరో ఈలలు వేస్తున్నారు.

"చెప్పానా మామయ్యా, అంతా ఫేకు. జ్వాలా పల్లెల్లో కుప్పకూలింది. భద్రాచలం వైపు ఒక్కడంటే ఒక్కడు కూడా చూడట్లేదని తేలిపోయింది."

"ఒక్కరు కూడానా?"

"జీరో మామయ్యా."

పీటలు మోసుకొచ్చిన ముసలివాళ్లు, ముక్కు తుడిపించుకున్న పిల్లవాడు, చుట్టలు వెతుక్కున్న ఆ ఇద్దరు, అందరూ కలిసి జీరో. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాణ్ణి కొట్టి ఏం లాభం? ఆ జీరోను చేత్తో పట్టుకుని సంచిలో వేసుకొచ్చింది నేను. పని ఉందని ఫోన్ పెట్టేశాను.

వానలు మొదలయ్యాయి. జ్వాలాపుత్రుడు తెలుగు డబ్బింగు ఆపేశారని పేపర్లో ఎవరూ వేయలేదు, అంత పెద్ద విషయం కాదు మరి. నాకు కూడా తెలియలేదు. ఒకనాటి సాయంత్రం కారేపల్లిలో ఒక ఇంటి మీటరు చూసి బండి తీస్తుంటే, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. టైము ఆరు దాటి కొద్దిసేపే అయింది.

"సారు, నేను పుల్లమ్మను. ఇయ్యాల మా పిల్ల రాలే."

నేను బండి ఆపాను.

"ఏందో పాటలొస్తున్నయ్ సారు. రాంబాబు అన్ని ఛానళ్లు తిప్పిండు. యాడ లేదు. దుర్గకు ఫోన్ జేస్తె ఎత్తుతలేదు. మనుషులందరొచ్చి కూసున్నరు."

ఆమె వెనక కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో పసిపిల్లను ఊరుకోబెడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"మేం నంబరు నొక్కబట్టే గిట్లయ్యింది గద సారు," అంది పుల్లమ్మ. "మీ డబ్బా మళ్ల తెచ్చి పెట్టుండ్రి. ఈసారి దాని నంబరు ముట్టుకోం. అది మాట్లాడుతున్నా, పరాయి పిల్ల అనుకొనే చూస్తం."